మాట కూలి

పకావ్ బళ్ళో చేరిన నెల తిరక్కుండానే పేరు మార్చుకుని ఇంటికి వచ్చింది.

"ఇకనుంచి నా పేరు ఫా" అంది సంచీ గోడకు తగిలిస్తూ. "టీచరుకు పకావ్ అనడానికి నోరు తిరగట్లేదంట. ఫా అంటే ఆకాశం."

"పకావ్ అంటే పువ్వు. ఆ సంగతి చెప్పలేకపోయావా?" అంది తల్లి మి నోన్.

"చెప్పాను. పువ్వు పేర్లవాళ్ళు క్లాసులో ఇప్పటికే ఇద్దరున్నారంది."

మి నోన్‌కు ఇంకా ఏదో అనాలనే ఉంది. కానీ పొద్దుటినుంచీ రొయ్యల షెడ్డులో నిలబడి వచ్చిన మనిషి ఆమె. మాట నోటిదాకా రావాలన్నా ఓపిక కావాలి కదా. తలుపుకు జారగిలబడి, కాళ్ళు చాపుకుని, సరేలే అన్నట్టు చెయ్యి ఊపింది.

వాళ్ళది బర్మాలో ముదోన్ పక్క పల్లె. మోను జాతివాళ్ళు. ఆమె మొగుడు నాయ్ సోక్‌కు రబ్బరు చెట్లు గీయడం తప్ప మరో పని తెలియదు. రబ్బరు ధర పడిపోయి, తోట ఆసామి చెట్లు కొట్టించేసరికి, ఊళ్ళో సగంమందిలాగే వాళ్ళిద్దరూ సరిహద్దు దాటి థాయి దేశంలోని మహాచాయ్ వచ్చి పడ్డారు. పాలు మరిచిన పిల్లను మి నోన్ అక్క దగ్గర వదిలారు. "రెండేళ్ళలో వచ్చేస్తాం" అన్నారు. ఊరు వదిలేవాళ్ళందరూ అనే మాటే అది. పిల్లకు ఏడో ఏడు వచ్చి, రెండేళ్ళ మాట చెప్పినవాళ్ళకే నమ్మకం పోయాక, దాన్ని ఇక్కడికే తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలో పకావ్ కన్నతల్లిని "పిన్నీ" అని పిలిచేది. పెద్దమ్మను అమ్మా అని పిలవడం అలవాటైన నోరు. మి నోన్ దిద్దలేదు. వానలు వెనకబట్టే సమయానికి దానంతటదే మానుకుంది.

రేవుకు దగ్గర్లో నాలుగంతస్తుల మేడ, వరసగా గదులు. మూడో అంతస్తులో వాళ్ళదొక గది. నాయ్ సోక్ రేవులో చేపల పెట్టెలు మోస్తాడు. అతను ఇంటికొచ్చే వేళకు ఆమె షెడ్డుకు బయల్దేరుతుంది. ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడేవాళ్ళు.

"అన్నం ఉంది" అనేది ఆమె.

"కూరో?"

"నిన్నటిదే."

చాలాకాలం వాళ్ళ కాపురం ఆ మెట్ల మీదే సాగింది.

షెడ్డు లేని రోజు మి నోన్ పకావ్‌ను బడినుంచి తీసుకురావడానికి వెళ్ళేది. ఒకసారి గేటు బయట నిలబడి, "ఒసేయ్ పకావ్, చెప్పులేవే?" అని గట్టిగా కేకేసింది. పిల్లలంతా తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పకావ్ పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని వీధి మలుపుదాకా లాక్కుపోయింది.

"అమ్మా, గేటు దగ్గర నువ్వు మాట్లాడొద్దు. ఊరికే నిలబడు చాలు. నేనే వస్తా."

"ఎందుకే? నా గొంతు బాగాలేదా?"

"గొంతు కాదు. మాట."

ఆ తర్వాత మి నోన్ గేటు దగ్గర నోరు విప్పలేదు. ఆమెకు వచ్చిన థాయి మాటలు షెడ్డులో వినపడేవే: తొందరగా, ఇంకా, ఇది కాదు, రేపు. వాటితో బడి గేటు దగ్గర ఏం మాట్లాడుతుంది?

ఐసు నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళ సందులు పుళ్ళు పడ్డాయి. మందు రాసి గుడ్డలు చుట్టుకుని రొయ్యలు ఒలిచింది. రక్తం అంటుతోందని షెడ్డు మేస్త్రి, "తగ్గాక రా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆ ఆవరణలో అందరికీ తెలుసు. తగ్గేలోపు ఆ చోటులో ఇంకొకరు నిలబడి ఉంటారు.

ఆ ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని సంతకు వెళ్ళింది. పక్క గది మి వెన్ కూడా వచ్చింది. మి వెన్ నోరు పెద్దది. బేరం చేసిందంటే నాలుగు దుకాణాల అవతలికి వినపడుతుంది.

"ఇదేం గోంగూరే? కాడ చూడు, వంటచెరుక్కి పనికొస్తుంది" అంది మి వెన్.

"లేతది కావాలంటే ముదోన్ పోయి కోసుకురా. దొరికిందే గొప్ప, తీసుకో" అంది మి నోన్.

"నువ్వు అన్నిటికీ ఇంతే. దొరికిందే గొప్పంటావు. మొగుణ్ణి కూడా అలాగే చేసుకున్నావు."

మి నోన్ నవ్వబోతుండగా ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే యాభై దాటిన థాయి ఆడమనిషి. లావుపాటి ఒళ్ళు, మెడలో కళ్ళజోడు తాడు, చేతిలో ఎండుచేపల బుట్ట. మి నోన్ గబగబా వెనక్కి జరిగింది. ఈ ఊళ్ళో తెలియని మనిషి ఆపి అడిగేది ఒక్కటే, వలస కూలీల గుర్తింపు కార్డు.

"కార్డుంది. కార్డుంది" అంది తనకు వచ్చిన థాయిలో.

"కార్డెవరు అడిగారు తల్లీ? మీరు మాట్లాడుకునేది మోను మాటేనా?"

అంతకు మించి మి నోన్‌కు అర్థం కాలేదు. పకావ్ మధ్యలో నిలబడి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసింది. ఆమె పేరు సుమాలీ. నది అవతల ఒడ్డున ఇల్లు, ఈ సంతలోనే ఎండుచేపల దుకాణం. తల్లికి ఎనభై దాటాయి. కిందటేడు జ్వరం వచ్చి తగ్గాక, ఆ ముసలావిడ నోట థాయి మాట ఒక్కటీ మిగల్లేదు. చిన్నప్పుడు పుట్టింట్లో మాట్లాడిన మోను భాష మాత్రం ఉంది. పిల్లలెవరికీ అది రాదు.

"మా అమ్మ రోజంతా నాతో మాట్లాడుతోంది. నేను అలా చూస్తూ కూర్చుంటున్నాను" అంది సుమాలీ. "మీ అమ్మను వచ్చి నాలుగు మాటలు మాట్లాడమని అడుగు. కూలి ఇస్తాను."

"మాట్లాడితే కూలా?" అంది మి వెన్. "ఆ పనికి నన్ను పెట్టుకోమను!"

"నిన్ను పెట్టుకుంటే ఆ ముసల్ది రెండు రోజుల్లో పోతుంది" అంది మి నోన్.

మర్నాడు బల్లకట్టు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళింది. కాలవగట్టున స్తంభాల మీద నిలబెట్టిన పాత చెక్క ఇల్లు. అక్కడివాళ్ళు ఎప్పుడో రాజుల కాలంలో, యుద్ధాలకు భయపడి మి నోన్ వాళ్ళ వైపునుంచే వచ్చి స్థిరపడ్డ మోనులు. ఇప్పుడు గుడికీ పండగకూ మిగిలిన మోనులు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే మాట వాళ్ళతోనే పోతోంది.

సుమాలీ తల్లి చమ్రియెంగ్ అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. పిడికెడు మనిషి. కళ్ళు మాత్రం కోడిపుంజు కళ్ళలా ఉన్నాయి.

"ఎవరే నువ్వు?"

"నోన్‌ని అవ్వా."

"ఎవరి పిల్లవి?"

"ముదోన్ పిల్లని."

"అంత దూరంనుంచి నడిచొచ్చావా? మొద్దులా నిలబడ్డావేం? పో, ముందు కాళ్ళు కడుక్కో."

గుమ్మంలో నిలబడ్డ సుమాలీ ఆత్రంగా అడిగింది. "ఏమంటోంది?"

మి నోన్ తన కాళ్ళు చూపించి, కడుగుతున్నట్టు చేతులు ఆడించింది. సుమాలీకి అర్థమైంది. నవ్వబోయి, నవ్వు మధ్యలోనే గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది. ఏడాది తర్వాత తల్లి నోటినుంచి ఆమెకు అందిన మొదటి మాట అది.

అవ్వ మాట మి నోన్‌కు కూడా సగమే తెలిసేది. తన నాయనమ్మ నోట చిన్నప్పుడెప్పుడో విన్న మాటలు, తను వాడని మాటలు, ఎక్కడా వినని యాస. ఒక్కోసారి ఊహించి జవాబు చెప్పేది. తప్పు జవాబు చెబితే అవ్వ విసనకర్రతో కొట్టేది.

"మీ ఇంటి దేవర ఎవరే?" అని అడిగిందొకరోజు, స్తంభానికి వేలాడుతున్న తమ దేవర బట్టల బుట్ట చూపిస్తూ.

"తాబేలు."

"మాదీ తాబేలే! మరి దారిలో తాబేలు ఎదురైతే ఏం చేస్తావు?"

"కంపు కంపు అని ముక్కు మూసుకుని పోతాను."

"అలా అనకపోతే?"

"తెచ్చి వండి దేవరకు పెట్టాలి."

"తెలిసినదానివే. అయితే చుట్టానివి. ఆ బాతుల్ని తోలుకురా పో, చీకటి పడుతోంది." అప్పుడింకా మధ్యాహ్నమే. ఆ ఇంట్లో బాతులు లేక అరవై ఏళ్ళయింది.

షెడ్డు కన్నా ఇది తేలిక పని అనుకున్న మి నోన్‌కు వారం తిరిగేసరికి తత్వం బోధపడింది. రొయ్య ఎదురుతిరగదు. అవ్వ తిరుగుతుంది. స్నానం చేయించబోతే కొరుకుతుంది. అన్నం పెడితే ఉమ్మేస్తుంది. పక్క మార్చిన మరుక్షణమే తడుపుతుంది. చెప్పిందే చెబుతుంది, అడిగిందే అడుగుతుంది. మాట్లాడటానికి అని తెచ్చిన మనిషి మీదికి మెల్లమెల్లగా చాకిరీ అంతా వచ్చి పడింది. సుమాలీ కావాలని చేసింది కాదు. పొద్దున దుకాణం, సాయంత్రం తల్లి, ఎప్పుడో పడక. ఆమె కూడా అలిసిపోయిన మనిషే. ఇద్దరూ చెరో పక్క పట్టి అవ్వను లేపేటప్పుడు ఇద్దరి నడుములూ ఒకేసారి కలుక్కుమనేవి.

"ఏమంటోంది?" అని మాత్రం సుమాలీ అడగడం మానలేదు.

అవ్వ అనేవన్నీ చెప్పదగ్గవి కావు. కూతుర్ని గుర్తుపట్టేది కాదు. "ఈ బానపొట్టది ఎవరే? నా ఇంట్లో తిని నా ఇంట్లోనే తిరుగుతోంది. తరిమెయ్" అనేది. మి నోన్ ఒక క్షణం ఆలోచించి, "మీరు తిన్నారా అని అడుగుతోంది" అనేది. వచ్చీరాని థాయిలో అబద్ధం చెప్పడం కూడా కష్టమే. సుమాలీ పొంగిపోయి, "తిన్నానమ్మా, తిన్నాను" అని తల్లి చెయ్యి నిమిరేది. అవ్వ ఆ చేతిని విదిలించేది.

ఆదివారాలు పకావ్ కూడా వచ్చేది. అబద్ధాల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం అవ్వ ఏదో అనగానే, "ఏమంది ఫా?" అని సుమాలీ అడిగింది.

"మీరు బానపొట్ట అంట. మీ వల్లే బియ్యం అయిపోతున్నాయంట" అంది పకావ్ గడగడా.

మి నోన్ పిల్ల తొడమీద గిల్లింది. ఆలస్యమైపోయింది. సుమాలీ మొహం ఎర్రబడింది. తన పొట్టవైపు చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆగలేక గడప మీద కూర్చుండిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ 'తిన్నారా' అని అడిగింది మా అమ్మ కాదన్నమాట" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నోన్, ఇక మీదట ఉన్నదున్నట్టు చెప్పు. తిట్టయినా సరే. అది నాదే కదా."

ఆ రోజే ఆమె మరో మాట అడగమంది. "మాకెందుకు ఈ భాష నేర్పలేదో అడుగు."

మి నోన్ అడిగింది. అవ్వ విసనకర్ర అంచు గోకసాగింది.

"సంతలో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు" అంది. "మా అత్త కూడా నవ్వేది. నా పిల్లలు నోరు తెరిస్తే ఎవరూ నవ్వకూడదనుకున్నా. నవ్వలేదుగా? ఎవరైనా నవ్వారా?"

ఆ మాట థాయిలోకి పకావ్ చెప్పాలి. నేలవైపు చూస్తూ, గొంతు తగ్గించి, ముక్కలు ముక్కలుగా చెప్పింది. సుమాలీ విని, "లేదమ్మా, ఎవరూ నవ్వలేదు" అంది. మి నోన్ దాన్ని అవ్వకు తిప్పి చెప్పింది. అవ్వ అప్పటికే బాతుల గొడవలో పడిపోయింది. సాయంత్రం బల్లకట్టు మీద తల్లీకూతుళ్ళు ఇద్దరూ నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ ఎండాకాలంలో నాయ్ సోక్‌కు నడుము పట్టేసింది. కదలలేక పడుకున్న మనిషి రోజంతా ఊరి గురించే మాట్లాడాడు.

"వెళ్ళిపోదామే. అన్న పొలంలో ఓ మూల గుడిసె వేసుకుందాం. ఇక్కడ మనకేముంది?"

"అక్కడేముంది?"

"మనూరు ఉంది."

"ఊరు ఉడకేసుకుని తింటామా? పిల్లను మళ్ళీ ఏ బళ్ళో వేస్తావు? బర్మా అక్షరం ఒక్కటి రాదు దానికి."

"అంటే చచ్చేదాకా ఈ మెట్లేనా ఎక్కడం?"

"నన్నడుగుతావేం? నాకు మాత్రం ఎక్కాలని ఉందా?" అంది మి నోన్. అతను అటు తిరిగి పడుకున్నాడు. ఆమె అతని నడుముకు కాపడం పెట్టింది. కోపంతోనే పెట్టింది.

మర్నాడు అవ్వ మూడోసారి కంచం తోసేసినప్పుడు మి నోన్ ఓపిక నశించింది. "తినకపోతే చావు! నాకేం? నాకూ ఇంట్లో పడుకున్న మనిషున్నాడు. ఎంతమందికని తినిపించను?" అని అరిచింది. అవ్వ ఆమెను తేరిపార చూసి, కంచం దగ్గరికి లాక్కుంది.

"అదీ గొంతంటే! మా అమ్మ అచ్చం ఇలాగే తిట్టేది. ఇంతకుముందంతా పిల్లిలా మియావ్ మియావ్ అంటే ఎలా తింటాను?" అంటూ నాలుగు ముద్దలు తినేసింది. ఆ తర్వాత రోజూ తిట్టి తినిపించాల్సి వచ్చింది. తిట్టడానికి కూడా ఓపిక లేని రోజుల్లో సుమాలీ చేత తిట్టించడానికి రెండు తిట్లు నేర్పింది మి నోన్. సుమాలీ యాసకు అవ్వ పడీ పడీ నవ్వింది. "ఈ బానపొట్టదానికి ఎవరే మాట నేర్పింది? బాతు మాట్లాడినట్టుంది!" అంది. ఉన్నదున్నట్టు చెప్పారు. సుమాలీకి ఆ వేళ పండగే.

వానలు పడుతుండగా అవ్వ పోయింది. పెద్ద మాటలేమీ చెప్పలేదు. ముందురోజు గోంగూర చేపల పులుసు అడిగింది. మి నోన్ వండి తెస్తే ఒక్క చెంచా నోట్లో వేసుకుని, "ఉప్పేదే?" అంది. ఉప్పు తెచ్చేసరికి నిద్రపోయింది. తెల్లవారాక లేవలేదు.

గుళ్ళో శవపేటిక ముందు బౌద్ధ భిక్షువులు మంత్రాలు చదివి వెళ్ళాక సుమాలీ మి నోన్ చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు నోన్. వెళ్ళమని చెప్పు. మేం చెబితే ఆమెకు తెలియదు."

చావు దగ్గర మాట్లాడే పెద్దరికం మి నోన్‌కు ఎప్పుడూ లేదు. పేటిక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"అవ్వా, అందరూ వచ్చారు. నీ కొడుకు పట్నంనుంచి వచ్చాడు. సుమాలీ అందరికీ అన్నాలు పెట్టింది, ఎవరూ పస్తు లేరు. ఇల్లు కడిగించాం. నీ దేవర బుట్ట భద్రంగా ఉంది. ఇంక ఇక్కడ నీకు పనేం లేదు. వెళ్ళవ్వా. వాన తగ్గింది, మెల్లగా వెళ్ళు."

వెనక కూర్చున్న ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు "వెళ్ళవ్వా" అని అదే భాషలో సన్నగా అందుకున్నారు. వాళ్ళకు ఆ మాట వచ్చునని సుమాలీకి అప్పటిదాకా తెలియదు.

దహనం అయ్యాక మి నోన్ సుమాలీ ఇంటికొచ్చి వంట గిన్నెలన్నీ తోమింది. కాస్త నడుం వాలుద్దామని గుమ్మం పక్కన చాప మీద ఒరిగింది. మెలకువ వచ్చేసరికి మీద దుప్పటి ఉంది. కళ్ళు తెరవలేదు. పకావ్ వెతుక్కుంటూ వచ్చినట్టుంది. వంటింట్లో సుమాలీతో మాట్లాడుతోంది.

"లేపనా?"

"వద్దు, పడుకోనీ. మీ అమ్మ ఇంట్లో ఎప్పుడైనా ఇలా పడుకుంటుందా?"

"ఆదివారం కూడా పడుకోదు. పడుకుంటే నాన్న ఏదో ఒకటి అడుగుతాడు."

"నువ్వేం తిన్నావు?"

"ఏం తినలేదు."

"ఇదిగో, తిను. నెమ్మదిగా. వచ్చే నెలనుంచి అమ్మ దుకాణానికి వస్తుందేమో అడుగుతాను. నేనూ ఒక్కదాన్నే అయిపోయాను."

అంతా థాయిలోనే. మి నోన్‌కు ఒక్క మాట కూడా తప్పిపోలేదు. లేవాలనుకుంది. లేవలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. మి నోన్ ఇప్పుడు సుమాలీ దుకాణంలో ఎండుచేపలు అమ్ముతోంది. నాయ్ సోక్ ఒకసారి ఊరు వెళ్ళి వచ్చాడు. అన్న ఇంట్లో అతనికి కుర్చీ వేసి కూర్చోబెట్టారట; "థాయివాడు వచ్చాడు" అని పిల్లలు చూడటానికి వచ్చారట. తిరిగొచ్చాక గుడిసె మాట ఎత్తలేదు. పెట్టెలు మోయలేక ఇప్పుడు రేవులో కాపలా కాస్తున్నాడు. పకావ్ పెద్ద బడికి వెళ్తోంది. బళ్ళో ఫా, ఇంట్లో పకావ్. తల్లితో మోనులో మొదలుపెట్టి థాయిలో ముగిస్తుంది. మి నోన్ దిద్దదు. అర్థమవుతోంది, అంతే చాలనుకుంటుంది. కొన్ని రోజులు చాలదనుకుంటుంది.

మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం ఒక కొత్త పిల్ల దుకాణం దగ్గరికి వచ్చింది. చంకలో బిడ్డ, మొహం నిండా ప్రయాణం బడలిక. మి నోన్ మోనులో పలకరించేసరికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎప్పుడొచ్చావు?"

"నెల కూడా కాలేదక్కా. ఇక్కడ అలవాటు కావడానికి ఎంతకాలం పడుతుంది?"

మి నోన్ త్రాసులోంచి చేప తీసి ఆకులో చుట్టింది.

"ఏమోనమ్మా, నాకింకా తెలీదు" అంది. తన కింద ఉన్న ముక్కాలిపీట లాగి ఆ పిల్లవైపు తోసింది. "ముందు కూర్చో. బిడ్డనెత్తుకుని ఎంతసేపని నిలబడతావు?"